ఆ బోల్టు ఉన్న చోట వాల్వు: ఎంజీబీ ప్రాజెక్టు డైరీ

ఆశ్వయుజం చివర, సిరిమాను సంబరం అయ్యాక

పైడితల్లి అమ్మవారి పండగ రద్దీ తగ్గి విజయనగరం వీధులు మామూలుగా మారాక పని మొదలుపెట్టాం. పెదనాన్న పాత ఇంగ్లీషు కారు ఎంజీబీకి బ్రేకులు, వైరింగు, రేడియేటరు పనులు కిందటేడే పూర్తయ్యాయి. మిగిలింది పొగ సంగతి. రిజిస్ట్రేషన్ గడువు వచ్చే వేసవితో ముగుస్తుంది. ఈలోగా ఫ్యాక్టరీ నుంచి కారుతో పాటు వచ్చిన పొగ నియంత్రణ సామాను మళ్లీ దాని చోట బిగించాలని, కారును అలాగే తనిఖీకి తీసుకెళ్లాలని నేను పట్టుబట్టాను.

కారు 1966 నాటిది. ఇంగ్లండులోని అబింగ్‌డన్‌లో తయారైన రెండు సీట్ల రోడ్‌స్టర్. 1798 సీసీ ఇంజన్, పెట్రోలును గాలితో కలిపి అందించే ఎస్‌యూ కార్బొరేటర్లు రెండు. విశాఖలో కొలువు ముగించుకుని స్వదేశం వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు దగ్గర పెదనాన్న దీన్ని కొన్నారు. చాసిస్ నంబరు జీహెచ్ఎన్3తో, ఇంజన్ నంబరు 18జీబీతో మొదలవుతాయి. రెండూ ఆర్‌సీలో ఉన్నవే. అంటే ఇది ఆ కారు పుట్టినప్పటి ఇంజనే.

అంత పాత కారుకు పొగ నియంత్రణ సామాను ఏముంటుందని షెడ్డుకు వచ్చినవాళ్లంతా అడుగుతున్నారు. ఉంది. అందులో మొదటి తరానిది. సిలిండరులో మండే వాయువులో కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి, ఇంజన్ అడుగు భాగమైన క్రాంక్‌కేసులో చేరుతుంది. కాలని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి, నూనె తుంపర అన్నీ అందులో ఉంటాయి. పూర్వం దాన్ని ఒక గొట్టం ద్వారా నేరుగా రోడ్డు మీదికి వదిలేసేవారు. ఏ నియంత్రణా లేని కారు గాలిలో కలిపే హైడ్రోకార్బన్లలో, అంటే కాలని పెట్రోలు ఆవిరిలాంటి వాటిలో, సుమారు ఐదో వంతు ఈ దారినే పోతుంది. లాస్ ఏంజెలిస్‌లో జనం కళ్లు మండించిన పొగమంచుకు కారణం కార్లు, కర్మాగారాలు వదిలే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో జరుపుకునే రసాయన చర్య అని 1950ల మొదట్లో హాగెన్-స్మిట్ అనే శాస్త్రవేత్త తేల్చారు. ఆ తర్వాత కార్లకు తగిలించిన మొట్టమొదటి పరికరం క్రాంక్‌కేసు వాల్వే. కాలిఫోర్నియాలో 1961 మోడళ్లతో మొదలై, 1963 మోడళ్ల నాటికి అమెరికా అంతటికీ పాకింది. ఎంజీబీకి 1964లో వచ్చింది. క్రాంక్‌కేసు ఆవిరిని, సిలిండర్లకు గాలి-పెట్రోలు మిశ్రమం వెళ్లే ఇన్‌లెట్ మానిఫోల్డులోకి పీల్చి మళ్లీ ఇంజన్‌లోనే కాల్చేయడం దాని పని.

మా కారులో ఆ వాల్వు ఉండాల్సిన చోట ఒక బోల్టు ఉంది. మానిఫోల్డు రంధ్రానికి మర తీసి, బోల్టు బిగించి, చుట్టూ సీలెంటు పూశారు. ఇంజన్ పక్కనున్న ట్యాపెట్ కవరు నుంచి క్రాంక్‌కేసు ఆవిరిని బయటికి తెచ్చే బ్రీతర్ గొట్టం గేర్‌బాక్సు పక్కన వేలాడుతోంది. దాని కింద నేల మీద నూనె మచ్చ. ఇదంతా ఎప్పుడో ఎవరో చేసిన పని.

కార్తీకం మొదట్లో

మా మేస్త్రి గారు సాలూరులో లారీల దగ్గర పని నేర్చుకున్న మనిషి. చేతిలో చెయ్యి పెట్టి చెప్పగలను, ఇంజన్ చప్పుడు విని ఏ సిలిండరు అలిగిందో చెప్పేస్తారు. అయినా ఈ వాల్వు విషయంలో ఆయనకు నమ్మకం కలగలేదు.

"అమ్మా, అది లేకుండానే బండి ఇన్నేళ్లు నడిచింది కదా. ఇప్పుడెందుకు?"

"నడిచింది మేస్త్రి గారూ. ఆ గొట్టంలోంచి ఏం వస్తోందో ఒకసారి చూద్దాం."

ఇంజన్ వేడెక్కాక బ్రీతర్ గొట్టం చివర తెల్ల అట్టముక్క పట్టాను. కాసేపటికే గోధుమ రంగు చెమ్మ గుండ్రంగా పరుచుకుంది. వేలితో రుద్దితే జిడ్డు, ముక్కు దగ్గర పెడితే పచ్చి పెట్రోలు వాసన. మేస్త్రి గారు ఆ అట్టను తీసుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. ఏమీ అనలేదు కానీ, ఆ సాయంత్రమే బోల్టు చుట్టూ ఉన్న సీలెంటును ఆయనే గీకడం మొదలుపెట్టారు.

అసలు వాల్వు పెదనాన్న ఇంటి అటక మీద దొరికింది. పాత ప్లగ్గులు, పాయింట్ల సెట్లు, డైనమో బ్రష్‌లు వేసి ఉంచిన రేకు డబ్బాలో, పాత వార్తాపత్రిక కాగితంలో చుట్టి ఉంది. పనికిరాదని తీసేసినవాళ్లు పారేయలేదు. పెదనాన్న దాచారు.

కార్తీక పౌర్ణమికి ముందు

వాల్వు చేతిలోకి తీసుకుంటే చిన్న మూత గిన్నెంత ఉంటుంది. పైన తీగ క్లిప్పు పక్కకు లాగితే మూత వస్తుంది. మూత కింద రబ్బరు డయాఫ్రమ్ (వంగే పలుచని పొర), దానికి కొలత సూది, సూది కింద స్ప్రింగు, అడుగున సూది అటూ ఇటూ ఒరగకుండా శిలువ ఆకారపు దారి. అంతే. కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుండగా, మానిఫోల్డు వాక్యూమ్ బలంగా ఉన్నప్పుడు డయాఫ్రమ్ కిందికి లాగబడి సూది దారిని బిగిస్తుంది. అప్పుడు కొద్దిపాటి ఆవిరి మాత్రమే లోపలికి వెళ్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే వాక్యూమ్ తగ్గుతుంది, స్ప్రింగు సూదిని పైకి నెట్టి దారి తెరుస్తుంది. ఇంజన్ మీద బరువు పడి ఆవిరి ఎక్కువగా పుట్టేది సరిగ్గా అప్పుడే. ఇంత చిన్న వస్తువులో అంత ఆలోచన పెట్టినవాళ్ల మీద నాకు గౌరవం కలిగింది.

సూది మీద నల్లటి గట్టి పొర. ఇలాంటి చోట ఎమరీ కాగితం పెట్టకూడదని వర్క్‌షాపు మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది, ఎందుకంటే సూది వాలు కొంచెం అరిగినా కొలత పోతుంది. పొర గట్టిపడితే ముందు మరిగే నీళ్లలో వేయాలి, ఆ తర్వాతే సాల్వెంట్. పాలగిన్నెలో నీళ్లు మరిగించి లోహపు భాగాలన్నీ అందులో వేశాను. పొర మెత్తబడి పెచ్చులుగా లేచింది. తర్వాత కిరోసిన్, పళ్ల బ్రష్. సూది మెరుస్తూ బయటపడింది. ఎక్కడా అరుగుదల లేదు.

డయాఫ్రమ్ మాత్రం పోయింది. వేళ్ల మధ్య మడిస్తే మధ్యలో సన్నని చీలికలు విచ్చుకుంటున్నాయి. చీలిన డయాఫ్రమ్‌తో వాల్వు బిగిస్తే బోల్టు కంటే కీడు. మూతకున్న గాలి రంధ్రం గుండా బయటి గాలి లెక్కాపత్రం లేకుండా మానిఫోల్డులోకి దూరుతుంది. పెట్రోలు పాలు తగ్గి ఇంజన్ వణుకుతుంది. ఒకప్పుడు ఈ కారుకు జరిగిందీ అదే అయి ఉంటుందని నా ఊహ. డయాఫ్రమ్ చిరిగింది, ఇంజన్ కుదురుగా నిలబడలేదు, విడిభాగం దొరకలేదు, బోల్టు పడింది.

మార్గశిరం

డయాఫ్రమ్ తెప్పించే ముందు పెట్రోలు సంగతి తేల్చుకోవాలనిపించింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. 1966లో ఎవరూ ఊహించని ఇంధనం. గీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, బాగా ఊపి నిలబెట్టాను. ఇథనాల్‌కు పెట్రోలు కంటే నీళ్ల మీద మక్కువ ఎక్కువ, అది నీళ్లతో కలిసి కిందికి దిగిపోతుంది. అడుగున 10 దగ్గర ఉండాల్సిన గీత 30కి కొంచెం కింద ఆగింది. పంపు మీద రాసింది నిజమే.

మూడు రకాల రబ్బరు పట్టీలను అదే పెట్రోలులో సీసాల్లో నానబెట్టాం. గంటస్తంభం దగ్గర కొన్న మామూలు రబ్బరు గొట్టం ముక్క ఉబ్బి, జెల్లీలా మెత్తబడింది. నైట్రైల్ కొంచెం ఉబ్బింది. విటాన్ ముక్కలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. మేస్త్రి గారు మూడింటినీ స్లైడ్ కాలిపర్స్‌తో కొలిచి, షెడ్డు గోడ మీద సుద్దతో రాశారు. ఆ గీతలు ఇంకా ఉన్నాయి. కార్బొరేటర్లకు వెళ్లే పెట్రోలు గొట్టాలన్నీ ఆ తర్వాత మార్చేశాం. డయాఫ్రమ్, గాలి వడపోత ఉన్న ఆయిల్ క్యాప్ ఇంగ్లండు నుంచి తెప్పించాం. క్యాప్ ఎందుకంటే, ఈ వ్యవస్థలో స్వచ్ఛమైన గాలి లోపలికి వచ్చేది ఆయిల్ క్యాప్‌లోని జాలీ గుండానే. మా ఇంజన్ మీద గాలి చొరబడని రేకు మూత ఉంది. దానితో వాల్వు ఎంత బాగున్నా క్రాంక్‌కేసుకు ఊపిరి అందదు.

వేచి ఉన్న రోజుల్లో ముందువైపు ట్యాపెట్ కవరు విప్పాం. దానికి అతికి ఉండే నూనె వేరుచేసే డబ్బాలో తీగ జాలీ ఉంటుంది. అది తారులాంటి మడ్డితో దాదాపు మూసుకుపోయింది. ఇంజన్ ఎక్కడ చూసినా నూనె ఎందుకు కారుతోందో అప్పుడు అర్థమైంది. ఆవిరికి సరిపడా దారి లేక లోపల ఒత్తిడి పెరిగి, గాస్కెట్ల సందుల్లోంచి నూనెను బయటికి తోస్తోంది. నూనె కారడం ఇంగ్లీషు కార్ల పుట్టుమచ్చ అని నవ్వేసేవాళ్లు ముందు ఈ జాలీ చూడాలి.

పుష్యం, సంక్రాంతికి ముందు

వాల్వు ఇంకా బిగించకముందే, బోల్టుతోనే, ఒకసారి కాలుష్య తనిఖీ కేంద్రానికి వెళ్లాం. పని చేయకముందు కారు ఏ స్థితిలో ఉందో కాగితం మీద ఉండాలి. మన దేశంలో భారత్ స్టేజ్-2 అనే కాలుష్య ప్రమాణానికి ముందు తయారైన పెట్రోలు కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 పాళ్లు) దాటకూడదు. 2004 అక్టోబరు నుంచి ఇదే హద్దు. మా కారు మోనాక్సైడ్ 4.8 చూపించింది, హైడ్రోకార్బన్లు 1130. ఫెయిల్.

యంత్రం దగ్గరున్న కుర్రాడు మంచివాడు. "పెట్రోలు కొంచెం తగ్గించండమ్మా, ఇప్పుడే పాసైపోతుంది. తర్వాత మళ్లీ మామూలుగా పెట్టుకోండి" అన్నాడు. ఎక్కడ చూసినా జరిగేది ఇదే కాబట్టి, ఏమవుతుందో చూద్దామని అక్కడికక్కడే రెండు కార్బొరేటర్లలో పెట్రోలు పాలును సర్దే జెట్ నట్లు పైకి తిప్పించాను. మోనాక్సైడ్ 0.7కు పడిపోయింది. ఇంజన్ మాత్రం గజగజ వణికింది, హైడ్రోకార్బన్లు 2000 దాటాయి. పెట్రోలు మరీ తక్కువైతే కొన్ని సార్లు మంట అంటుకోదు, కాలని పెట్రోలు అలాగే సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఒక అంకె దిగితే ఇంకో అంకె ఎక్కింది. అంకె కోసం నట్టు తిప్పి, గేటు దాటాక మళ్లీ వెనక్కి తిప్పుకోవడం వల్ల ఊరి గాలికి ఒరిగేదేమీ లేదు. ఆ సర్టిఫికెట్ నాకు అక్కర్లేదని చెప్పి వచ్చేశాను.

మన తనిఖీలో ఇంకో లోటు ఉంది. సైలెన్సర్ చివర గొట్టం పెట్టి కొలుస్తారు, బానెట్ ఎత్తి చూడరు. కాలిఫోర్నియా పొగ తనిఖీలో ఫ్యాక్టరీ సామాను అంతా దాని చోట ఉందా లేదా అని కూడా చూస్తారు. అయితే అక్కడ 1975, అంతకు ముందు మోడళ్లకు ఆ తనిఖీ లేదు. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు ఏటా జరిగే పరీక్ష నుంచి 2018లోనే మినహాయింపు ఇచ్చారు. అంటే ఈ కారు అక్కడ ఉంటే ఎవరూ అడిగేవారే కాదు. ఇక్కడ అడుగుతారు కానీ, బ్రీతర్ గొట్టంలోంచి రోడ్డు మీద పడే ఐదో వంతును ఏ యంత్రమూ చూడదు. అందుకే అది చూసుకోవాల్సిన బాధ్యత బండి యజమానిది.

పుష్యం, కనుమ దాటాక

పొట్లం వచ్చింది. డయాఫ్రమ్ వేసి, తీగ క్లిప్పు బిగించి, వాల్వును మానిఫోల్డు మీద కూర్చోబెట్టాం. బోల్టు కోసం చెడగొట్టిన మరకు లేత్ షాపులో ఇత్తడి బుష్ చేయించాల్సి వచ్చింది. చక్కగా చేశారు.

తర్వాత వరుసగా మిగతా సర్దుబాట్లు. ట్యాపెట్ సందు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), పాయింట్ల సందు 15 థౌ, ప్లగ్గుల సందు 25 థౌ. టైమింగ్ దీపంతో సరిచూశాం. ఇవి సరిగా లేకుండా కార్బొరేటర్ ముట్టుకోవడం వృథా.

వాల్వు పని చేస్తోందా అని తెలుసుకునే పద్ధతి మాన్యువల్‌లో ఒక్క వాక్యంలో ఉంది. ఇంజన్ వేడి మీద ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ క్యాప్ తీయాలి. వాల్వు సవ్యంగా ఉంటే వేగం సుమారు 200 ఆర్‌పీఎం పెరగాలి, చెవికి తెలిసేంతగా. మేస్త్రి గారిని తీయమన్నాను. క్యాప్ లేవగానే ఇంజన్ స్వరం పెరిగింది, ముల్లు పైకి జరిగింది. పెట్టగానే దిగింది. ఆయన మళ్లీ తీశారు, మళ్లీ పెట్టారు. "ఊపిరి పీలుస్తోందమ్మా" అన్నారు. ఆయన ముఖంలో అంత సంబరం నేను అంతకుముందు చూడలేదు.

ఎస్‌యూ కార్బొరేటర్లు రెండింటినీ సమం చేయడానికి పాత పద్ధతే వాడాం. సన్నని రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బొరేటర్ నోటి దగ్గర. రెండు చోట్లా గాలి ఈల ఒకే స్థాయిలో వినబడే వరకు థ్రాటిల్ మరలు తిప్పాలి. తర్వాత పిస్టన్ కింద ఉండే చిన్న పిన్నును నెమ్మదిగా ఎత్తాలి. వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ, పడిపోతే తక్కువ, క్షణం పెరిగి మామూలైతే సరి. మాన్యువల్ చెప్పిన చోటి కంటే జెట్లను కొంచెం దించాల్సి వచ్చింది. అది ఇథనాల్ వల్ల. మామూలు పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఈ20కి సుమారు 13.5 చాలు. పాత కొలతలో వదిలేస్తే ఇంజన్‌కు పెట్రోలు చాలదు.

మాఘం మొదట్లో

మళ్లీ తనిఖీ కేంద్రం. మోనాక్సైడ్ 3.4. అందరం తెల్లబోయాం. పిన్ను పరీక్ష బాగుంది, ఈల సమంగా ఉంది, మరి ఇది ఎక్కడిది?

దారిలో ఎత్తు బ్రిడ్జి దగ్గర ఆగినప్పుడు ఆయిల్ మట్టం చూసే డిప్ స్టిక్ లాగి వాసన చూశాను. పెట్రోలు. ఏళ్ల తరబడి పెట్రోలు ఎక్కువ తాగి నడిచిన ఇంజన్‌లో కొంత పెట్రోలు సిలిండరు గోడల మీదుగా దిగి ఆయిల్‌లో కలిసింది. వాల్వు లేనప్పుడు ఆ ఆవిరి రోడ్డు మీదికి పోయేది. ఇప్పుడు వాల్వు తన పని తాను చేస్తూ దాన్ని మానిఫోల్డుకు అందిస్తోంది. అదనపు పెట్రోలు వచ్చేది కార్బొరేటర్ నుంచి కాదు, ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే సంపు నుంచి. పాత బండికి పొగ తనిఖీకి ముందు ఆయిల్ మార్చమని అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది ఇందుకే.

ఆయిల్ దించితే నీళ్లలా జారింది. కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, నెల్లిమర్ల మీదుగా రామతీర్థం దాకా పోయి వచ్చి, ఇంజన్ వేడి మీద ఉండగానే మళ్లీ పరీక్ష చేయించాం. కార్బొరేటర్లను ముట్టుకోలేదు. మోనాక్సైడ్ 1.9, హైడ్రోకార్బన్లు 540. రెండు అంకెలూ హద్దు లోపలే, ఇంజన్ వణుకు లేకుండా. సర్టిఫికెట్ ఆరు నెలలకు ఇచ్చారు.

ఫాల్గుణం

రిజిస్ట్రేషన్ విషయంలో రెండు దారులున్నాయి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' వస్తుంది, రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. గౌరవమైన నంబరే. కానీ అలా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. పెదనాన్న ఈ కారులో మమ్మల్ని చింతపల్లి సముద్ర తీరానికి తీసుకెళ్లేవారు. ఇప్పుడు ఆయన్ని నేను తీసుకెళ్లాలి. అందుకని మామూలు రిజిస్ట్రేషన్‌నే ఇంకో ఐదేళ్లు పొడిగించుకుంటున్నాం.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది చాసిస్ నంబరు ముద్ర తీసుకున్నారు. లైట్లు, బ్రేకులు, హారన్ చూశారు. బానెట్ కిందికి వంగినప్పుడు వాల్వును చూపించి ఇదేమిటని అడిగారు. మేస్త్రి గారు నాకంటే ముందే అందుకుని, ఆయిల్ క్యాప్ తీసి పెట్టి, ఇంజన్ స్వరం ఎలా మారుతుందో వినిపించారు. తీసేసిన బోల్టు కూడా జేబులోంచి తీసి చూపించారు. ఇన్‌స్పెక్టర్ గారు శ్రద్ధగా విని, కాగితాల మీద సంతకం చేశారు.

వాల్వును ప్రతి 12,000 మైళ్లకు, అంటే దాదాపు 19,000 కిలోమీటర్లకు విప్పి శుభ్రం చేయాలని మాన్యువల్ లెక్క. ఈ20 పెట్రోలుతో డయాఫ్రమ్ అంతకాలం నిలుస్తుందో లేదో చూడాలి కాబట్టి, ఆరు నెలలకోసారి పొగ సర్టిఫికెట్‌కు వెళ్లే ముందే మూత విప్పి చూస్తాం. ఒక డయాఫ్రమ్ అదనంగా తెప్పించి, వెలుతురు తగలకుండా అదే రేకు డబ్బాలో పెట్టాను. చింతపల్లి వెళ్లి వచ్చాక షెడ్డులో కారు కింద పాత అట్ట పరిచి రాత్రంతా ఉంచాం. పొద్దున చూస్తే గేర్‌బాక్సు కింద ఒక చుక్క, ఇంజన్ కింద ఏమీ లేదు. తర్వాతి పని గేర్‌బాక్సు వెనక సీలు.